లారీ అన్నయ్య గ్రాఫిక్స్ కార్డు

ఫోన్‌లో ‘లారీ అన్నయ్య’ అన్న పేరు కనిపించగానే, హలో కూడా అనకుండా, “ఏటన్నయ్యా, ఇవాళ ఏ దేశంలో ఉన్నావు?” అని అడిగాను.

అవతల ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

“నాను ఆళ్ళావిణ్నమ్మా. ఆయన నేరు. నిన్న పొద్దున్నే పోనారు.”

ఆ సమయానికి నేను షాపులో ఒక కాలేజీ అమ్మాయి లాప్‌టాప్‌కి వెనక రేకు బిగిస్తున్నాను. స్క్రూడ్రైవరు చేతిలో అలాగే ఉండిపోయింది. అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. “అదేంటి వదినా, శుక్రవారం వచ్చారు కదా!” అన్నాను, శుక్రవారం మా షాపుకి వచ్చి నవ్వి వెళ్ళిన మనిషికి సోమవారం పొద్దున్న పోయే హక్కు లేనట్టు. ఆవిడ “మీకు సెప్పాలని సెప్పినాను. ఉంతానమ్మా,” అని పెట్టేసింది. ఆ లాప్‌టాప్‌కి రెండు స్క్రూలు బిగించకుండానే ఇచ్చేశానని మర్నాడు ఆ అమ్మాయి తిరిగొస్తే గానీ నాకు తెలియలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. బిల్లు మీద నా చేత్తోనే రాశాను. కానీ మా మధ్య ఆ పేరు ఎప్పుడూ వాడుకలోకి రాలేదు. ఆయనకి నేను ‘సెల్లెమ్మ’ని, నాకు ఆయన లారీ అన్నయ్య. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

మాది శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డులో షాపు. మా అత్తవారి స్టీలు సామాన్ల కొట్టుకి మధ్యలో గోడ కట్టి, ఒక సగంలో నేను కంప్యూటర్లు బాగుచేస్తాను, విడిభాగాలు అమ్ముతాను. మా ఆయన పొందూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అందుకని పగలంతా షాపులో నేనొక్కదాన్నే. ఒక ఆడది కంప్యూటరు విప్పుతుంటే మొదట్లో జనం వింతగా చూసేవారు, ఇప్పుడు అలవాటైపోయింది. లారీ అన్నయ్య మాత్రం మొదటి రోజు కూడా వింతగా చూడలేదు. ఆయన చూపంతా షాపు ముందు ఆపి ఉన్న నా స్కూటీ మీద ఉంది. దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక చక్రాన్ని కాలితో తన్ని, “గాలి తక్కువున్నాది,” అని లోపలికొచ్చాడు. అంతకు ముందు రోజే గాలి కొట్టించాను. సాయంత్రం చూపిస్తే నిజంగానే చిన్న మేకు దిగి ఉంది.

యాభై దాటిన మనిషి. పొడుగు. తెల్ల ఫుల్ చేతుల చొక్కా. కుడిచేతి మడత మోచేతి దాకా, ఎడమచేతి గుండీ మణికట్టు దగ్గర బిగించి. మే నెలలో కూడా అంతే.

“గ్రాఫిక్ కార్డు కావాల మేడమ్.”

“మీ అబ్బాయికాండీ?”

“నాకే.”

ఆయన చెప్పింది ఇది. ముప్పయ్యేళ్ళు లారీ తోలాడు. కోటబొమ్మాళి మనిషి. ఇప్పుడు తోలడం మానేసి, “పనుండి” అరసవల్లిలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాడు. ఏ పనో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏదో ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటరు ఒకటి కొనుక్కున్నాడు. అందులో లారీ తోలే ఆట ఒకటుంది. యూరప్ రోడ్ల మీద సరుకు ఎత్తించుకుని ఊరూరా దింపడమే ఆట. దాంట్లో గెలవడం ఓడడం లేవు.

“మలుపు తిప్పినప్పుడు బొమ్మ ఆగిపోతంది మేడమ్. లారీ ఆగదు, బొమ్మే ఆగుతాది. మళ్ళీ బొమ్మొచ్చీసరికి నాను పొలంలో ఉంతన్నాను.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పొలంలోకి లారీ పోనివ్వడం ఆయనకి నవ్వులాట కాదు.

అప్పుడు నా దగ్గర ఆయన కంప్యూటరుకి సరిపోయేవి రెండే ఉన్నాయి. ఒకటి పాత రకం కార్డు. అద్దాల బీరువాలో పైఅరలో చాలాకాలంగా పడి ఉన్న ఆఖరి పీసు. రెండోది అప్పుడే వచ్చిన కొత్త రకం. అది చేతిలో లేదు, ఆర్డరు పెడితే విశాఖపట్నం నుంచి రావాలి. పాతది చవక. కొత్తది దానికన్నా కొంచెం ఎక్కువే గానీ అందని ధర కాదు, మెమరీ రెట్టింపు. ఎవరొచ్చినా నేను కొత్తదే తీసుకోమంటాను. అయితే ఆయన కంప్యూటరు విషయంలో ఒక చిక్కుంది, అది దాచడం నాకు ఇష్టం లేకపోయింది.

“పాతదానికి కంప్యూటరుతో మాట్లాడుకోడానికి పదహారు లేన్లుంటాయండీ. కొత్తదాన్ని చవగ్గా చెయ్యాలని నాలుగు లేన్లతోనే చేశారు. కొత్త కంప్యూటర్లలో ఆ నాలుగూ చాలా వేగం, సరిపోతాయి. మీ కంప్యూటరు లోపలి మదర్‌బోర్డు పాతది కదా, దాని మీద కొంచెం తడబడుతుంది.”

“లేన్లంటే రోడ్డు లేన్లేనా?”

“అలాంటివే.”

ఆయన ఎడమచెయ్యి గాల్లో గేరు మార్చింది. ఆలోచిస్తే ఆ చెయ్యి అలా కదిలేది. ఎక్కే ఆలోచనైతే కిందికి, దిగే ఆలోచనైతే పైకి.

“అంటే పాతది ఘాట్ రోడ్డు మీద కూడా లాగీసే బండి. కొత్తది హైవే మీదే పరిగెడతాది. నా కాడ హైవే నేదు.”

ఇంజనీరింగ్ పిల్లలకి అరగంట చెప్పినా ఎక్కని విషయం ఆయనకి ఒక్క నిమిషంలో ఎక్కింది. నాకు ఆ క్షణమే ఆయన మీద గౌరవం కలిగింది. అయినా పట్టు వదల్లేదు.

“బోర్డు తర్వాత మార్చుకోవచ్చు. అప్పుడు కొత్తదే ఉపయోగం.”

“తరవాత,” అన్నాడు ఆయన. ఆ మాటని నోట్లో కాసేపు ఉంచుకుని చూసినట్టు అన్నాడు.

అక్కణ్ణుంచి ఆరు వారాలు ఈ బేరం సాగింది. సోమ, బుధ, శుక్ర వారాల్లో పదకొండు దాటాక ఆయన ఆటో దిగేవాడు. స్కూటీ చక్రం తన్నేవాడు. లోపలికొచ్చి, రిపేరుకొచ్చిన కంప్యూటర్ల పెట్టెల్ని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. లారీ టైర్లని రాడ్డుతో కొట్టి అలా వింటారట. ఒకసారి అలా కొట్టి, “దీన్లో ఏదో వదులైనాది,” అన్నాడు. విప్పితే ఫ్యాను నిజంగానే ఊగుతోంది. తర్వాత బీరువా ముందు నిలబడి పాత కార్డు అట్టపెట్టెని చూసేవాడు. “ఉందా?” అనేవాడు. “ఉంది,” అనేదాన్ని. “కొత్తది తీసుకో అన్నయ్యా,” అనేదాన్ని. “సూద్దాం సెల్లెమ్మా,” అని వెళ్ళిపోయేవాడు. గుమ్మం దాటేముందు తల కుడివైపు తిప్పి, లేని అద్దంలో వెనక చూసుకుని మరీ రోడ్డెక్కేవాడు.

ఒక్క విషయంలో నాకు ఆయన మీద మంట ఉండేది. టీ తాగేవాడు కాదు. పక్క కొట్టునుంచి తెప్పించిన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, పెదాలు తడుపుకుని, చల్లారేదాకా అలాగే కూర్చుని, నిండు గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. “మన టీ ఆయనకి ఆనదు,” అని మా ఆయనతో దెప్పుతూ చెప్పాను. నెల తర్వాత తెప్పించడం మానేశాను. ఆయనేమీ అనుకోలేదు.

ఇంకోసారి వారంటీ గురించి అడిగాడు.

“కొత్తదానికి మూడేళ్ళుంది అన్నయ్యా. పాతదానికి ఏడాదే మిగిలింది.”

“మూడేళ్ళే!” అని నవ్వాడు. “అంతెందుకు నాకు? ఏడాది సాలు.”

“ఎవరైనా వారంటీ ఎక్కువ కావాలంటారు గానీ తక్కువ కావాలంటారా?”

“నాకు సాలు సెల్లెమ్మా.”

ఆ మాట ఇంటికెళ్ళి అన్నం తింటూ మా ఆయనకి చెప్పాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. తర్వాత వచ్చిన వాళ్ళకి కూడా జోకులాగా చెప్పాను. ఎంతమందికి చెప్పానో గుర్తులేదు.

ఆరో వారం శుక్రవారం నేను స్టూలెక్కి బీరువా పైఅరలు తుడుస్తున్నాను. ఆయన కిందే నిలబడి జర్మనీ రోడ్ల సంగతి చెబుతున్నాడు. మూడు రోజులు తోలినా ఒక్క ఆవు రోడ్డుకి అడ్డం రాలేదట, అది ఆయనకి నమ్మకం కుదరడం లేదు. నా మోచెయ్యి తగిలి పాత కార్డు పెట్టె అంచు దాటి జారింది. ఆయన ఒక్క దూకు దూకి ఎడమచేత్తో గాల్లోనే పట్టుకున్నాడు.

“భలే పట్టావు అన్నయ్యా!” అంటూ నేను స్టూలు దిగాను.

ఆయన కదలడం లేదు. పెట్టె గుండెకి ఆనించుకుని అలాగే ఉన్నాడు. ఎడమచేతి చొక్కా మీద మోచేతి దగ్గర ఎర్రటి మచ్చ కనిపించింది. నేను చూస్తుండగానే అది అరచేతంత అయ్యింది, మణికట్టు దాకా పాకింది, గుండీ పెట్టుకున్న అంచులోంచి అద్దం బల్ల మీదకి ధారగా కారడం మొదలుపెట్టింది. గీసుకుంటే కారే రక్తంలా లేదు. కుళాయి విప్పినట్టుంది.

చేతిలో ఉన్న తుడిచే గుడ్డ ఆయనకి అందించబోయాను.

“కార్డు తడిసినాదేటో సూడు,” అన్నాడు ఆయన ముందు. పెట్టె పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా గుండీ విప్పి చొక్కా పైకి మడిచాడు. “బయపడకు. కట్టు జారింది. నాకు రెండు సేతులు కావాల గానీ ఒకటే ఉంది. ఇలా రా. నీ బొటనేలు ఇక్కడెట్టు.”

అప్పుడు ఆ చెయ్యి చూశాను. చర్మం కింద తాడు మెలిపెట్టి కుట్టినట్టు ఉబ్బిన నరం, దాని మీద వరసగా సూది గుంటలు. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా జిల్లాలో పుట్టిన వాళ్ళకి ఆ చెయ్యి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కిడ్నీలు పోయి, వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుని రక్తం కడిగించుకునే వాళ్ళ చెయ్యి అది. మా పిన్నత్తగారి చెయ్యీ అలాగే ఉండేది. సోమ, బుధ, శుక్రవారాలు. పదకొండు దాటాక. గుక్కెడు నీళ్ళు కూడా లెక్క ప్రకారమే తాగాలి కాబట్టి నిండుగా మిగిలిపోయిన టీ గ్లాసు. ఏడాది చాలన్న వారంటీ.

ఇదంతా ఒకదాని వెనక ఒకటి అర్థమవుతూ ఉంది. బొటనవేలు పెట్టాను. దాని కింద ఆ నరం జుమ్మని అదురుతోంది. నిలబెట్టిన లారీ ఇంజను బానెట్ మీద చెయ్యి వేస్తే అదిరినట్టు, ఆపకుండా.

“గట్టిగా ఒద్దు. ఊరికే నొక్కి ఉంచు. పది నిమిసాల్లో ఆగిపోతాది.”

ఆ పది నిమిషాలు ఆయనే నాతో మాట్లాడుతూ కూర్చున్నాడు. రోగిని నేనన్నట్టు. ఇచ్ఛాపురం దగ్గర ఒకరోజు లారీ దిగబోతే పాదం వాచిపోయి చెప్పు పట్టలేదట. క్లచ్ మీద కాలు ఆనలేదట. ఒరిస్సా నుంచి తెస్తున్న లోడు ఇంకో డ్రైవరుకి అప్పగించి, క్యాబిన్లోంచి బట్టల సంచీ తీసుకుని దిగిపోయాడు. మళ్ళీ ఎక్కలేదు. “అంతే. ఆరోజు దిగినానంటే దిగిపోనాను,” అన్నాడు.

రక్తం ఆగింది. నేను బల్ల తుడవలేదు. తిన్నగా ఆ పాత కార్డు పెట్టె తీసి ఆయన ముందు పెట్టాను.

“అన్నయ్యా, ఇది ఇవాళే పట్టుకెళ్ళు. సాయంత్రం నేనే వచ్చి పెడతాను.”

ఆయన మొహంలో రంగు మారిపోయింది. రక్తం కారినప్పుడు మారనిది అప్పుడు మారింది.

“నిన్నటిదాకా కొత్తదే కొనుక్కోమన్నావు గదా?”

“అది కాదన్నయ్యా, ఇదైతే చేతిలో ఉంది. నువ్వు చెప్పినట్టు నీ బోర్డుకి ఇదే...”

“ఆరు వారాల్నించీ కొత్తది మంచిదన్నావు. సెయ్యి సూసినావు, పాతది మంచిదైపోనాదా?”

నేను పెట్టెని నా వైపుకి లాక్కున్నాను.

“నీతో దెబ్బలాట బాగుండీది సెల్లెమ్మా. మిగతాళ్ళు నాతో దెబ్బలాడ్డం మానీసినారు. నానేటన్నా అవునంతారు. నువ్వొక్కదానివే, తరవాత బోర్డు మార్సుకో, మూడేళ్ళు సూసుకోనక్కర్నేదు అని సెప్పినావు. నిజవని నమ్మి సెప్పినావా, నేదా?”

“నమ్మే చెప్పాను.”

“అయితే కొత్తది తెప్పించు. మూడేళ్ళ వారంటీ ఉన్నదే. బిల్లు మీద రాసి స్టాంపెయ్యి.”

“పది రోజులు పడుతుంది అన్నయ్యా.”

“పట్టనీ.”

అలా మా ఇద్దరి పక్షాలూ తారుమారయ్యాయి. పాతది వద్దని వాదించినదాన్ని నేనే దాన్ని తీసుకోమని బతిమాలాను. ఏడాది చాలన్నవాడు మూడేళ్ళది పట్టుబట్టి రాయించుకుని వెళ్ళాడు, గుమ్మంలో కుడివైపు తల తిప్పి మరీ.

పది రోజులన్నది పంతొమ్మిది రోజులు పట్టింది. విశాఖపట్నం డీలరుకి రోజూ ఫోను చేసేదాన్ని. నా గొంతు విని ఆయన భయపడి, “ఎవరైనా పెద్దాఫీసరు ఆర్డరాండీ?” అని అడిగాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో పదకొండు కాగానే నాకు పని సాగేది కాదు. ఆటో ఆగిన ప్రతిసారీ తలెత్తి చూసేదాన్ని. ఒక బుధవారం పన్నెండున్నర దాకా రాలేదు. ఒంటిగంటకి వచ్చాడు. ఆసుపత్రిలో కరెంటు పోయి ఆలస్యమైందట. “ఏటలా సూస్తన్నావు? కార్డొచ్చిందా?” అన్నాడు. మళ్ళీ స్కూటీ చక్రం తన్నే వచ్చాడు.

కార్డు వచ్చిన రోజు షాపు మూసి ఆయన వెంటే వెళ్ళాను. అరసవల్లి గుడి వెనక లాడ్జీలు దాటాక సన్నటి వీధిలో రెండు గదుల వాటా. వాళ్ళావిడ సన్నగా, మాటల్లేకుండా, గుమ్మం పక్కనే నిలబడింది. ఎవరో వాడి వదిలేసిన స్టీరింగు, పెడళ్ళు ఉన్న ఆటసామాను ఒకటి ఆయన అప్పటికే సంపాదించి బల్లకి బిగించుకున్నాడు. కార్డు పెట్టి, దానికి చాలినంత కరెంటు ఇచ్చే కొత్త సప్లై పెట్టి, ఆన్ చేశాను. ఆటలో అప్పటిదాకా ఆయన ఆపేసుకున్నవన్నీ ఒక్కొక్కటే తెరిచాను. వాన, నీడలు, దూరంగా చెట్లు. చివర్న ఒకటుంది: లారీ పక్కద్దాలు. పాత కంప్యూటరు మోయలేక అవి ఎప్పుడూ నల్లగా ఉండేవట.

ఆయన కూర్చుని బండి కదిలించాడు. ఊరు దాటాక వాన మొదలైంది. వైపరు వేశాడు. అలవాటుగా కుడివైపు తల తిప్పాడు.

అద్దంలో తన లారీ వెనకభాగం అంతా కనిపించింది. తడిసిన టార్పాలిన్, దాని వెనక చిన్నదైపోతున్న రోడ్డు, దీపాలేసుకుని వస్తున్న ఒక కారు.

బండి పక్కకి తీసి ఆపేశాడు. కార్డు మొరాయించిందేమోనని నేను ముందుకి వంగాను. అదేం లేదు. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు అద్దం మీద ఉన్నాయి.

“ఇన్నాళ్ళూ ఎనక ఏటొస్తందో తెల్దు సెల్లెమ్మా,” అన్నాడు. “ఊరికే ముందుకి తోలుకుంటా ఎలిపోనాను.”

కార్డు గురించి వాదించిన ఆరు వారాల్లో ఒక్కసారి కూడా నాకు అద్దాల సంగతి తట్టలేదు. మెమరీ, లేన్లు, వారంటీ అన్నీ చెప్పాను. ఆయనకి కావలసింది ఇదని ఆయనకీ అంతవరకూ తెలియదనుకుంటాను.

ఆ తర్వాత పది నెలలు బతికాడు. ఆ పది నెలలూ సోమ, బుధ, శుక్రవారాల్లో నాకు యూరప్ వార్తలు అందేవి. ఫ్రాన్సులో రోడ్డు పక్కన టీకొట్టు లేదు, వాళ్ళెలా బతుకుతున్నారో తెలీదు. నార్వేలో సొరంగంలోకి పోతే తెల్లారిపోతుంది గానీ బండి బయటికి రాదు. స్వీడన్లో ఎర్రలైటు దాటినందుకు జరిమానా పడింది; ముప్పయ్యేళ్ళ సర్వీసులో మీద ఒక్క కేసు లేని మనిషికి అది రెండు రోజులు అన్నం సహించకుండా చేసింది. నేను మళ్ళీ ఆయనతో దెబ్బలాడటం మొదలుపెట్టాను. బోర్డు మార్చమని, ర్యామ్ పెంచమని. ఆయన హాయిగా కాదనేవాడు. నాకు ఆ చెయ్యి గుర్తుకు రావడం తగ్గింది. మిషను మీద ఏళ్ళ తరబడి బతికిన వాళ్ళు ఎందరో ఉన్నారని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆయన ఎప్పుడూ వస్తూనే ఉంటాడని ఎక్కడో స్థిరపడిపోయింది. అందుకే ఆ మంగళవారం ఫోను నన్ను అలా కొట్టింది.

శనివారం నాడు పళ్ళు తీసుకుని వాళ్ళింటికి బయల్దేరాను. ఏం మాట్లాడాలో ఆటోలో నాలుగు రకాలుగా అనుకున్నాను. వీధి మలుపు తిరిగాను. వాళ్ళ గుమ్మం ఇంకా పది అడుగులుంది.

లోపల్నుంచి లారీ ఇంజను చప్పుడు వినిపించింది. గేరు మారింది. ఒకసారి హారన్ మోగింది.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ ఒక్క క్షణం నాకు ఆ ఫోను కాలే అబద్ధమనిపించింది. అరుగు మీద బియ్యం ఏరుతున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, తను ఆయన అక్కగార్నని చెప్పి, “పొద్దున్నించీ ఇదే పనమ్మా. పది రోజులైనా అవనేదు. నలుగురూ ఏటనుకుంతారు? నువ్వైనా సెప్పు,” అంది.

లోపలికెళ్ళాను. ఆయన కుర్చీలో వాళ్ళావిడ కూర్చుని ఉంది. వీపు నిటారుగా, రెండు చేతులూ స్టీరింగు మీద, చూపు తెర మీద. నా వైపు తిరగలేదు.

“కూకోమ్మా. రోడ్డు మీదున్నాను. ఆపడానికి జాగా నేదు.”

మంచం అంచున కూర్చున్నాను. లారీ నలభైలో పోతోంది. వెనకనుంచి వచ్చేవన్నీ దాటుకుని పోతున్నాయి. ఆవిడ పట్టించుకోవడం లేదు.

“మీకు తోలడం వచ్చా వదినా?”

“ఆయనే నేర్పినారు. దసరా కాణ్నించి ఆయనకి మిసను మీంచి లేసొచ్చిన రోజు సత్తువ ఉండేది కాదు. ‘నువ్వు తోలు, నాను పక్కన కూకుంతాను’ అనీవోరు. పెళ్ళై ఇరవయ్యారేళ్ళు. ఆయన లారీ ఒక్కసారి ఎక్కనేదు నాను. ఇదే ఎక్కినాను.”

అంటే ఇటీవల నాకు అందిన దేశాల్లో చాలావాటికి బండి తోలింది ఈవిడే. ఆయన నాకు ఒక్కసారీ ఆ మాట చెప్పలేదు. దాచాడో, ఇద్దరూ కలిసి తోలిందే కదా అనుకున్నాడో, ఇక తెలియదు.

“ఆదివారం ఈ లోడు ఎత్తించినాం. మిసన్లంట, పెద్దయి. సగం దూరంలో ఆయనకి ఆయాసమొస్తే ఆపీసినాం. పొద్దున్న తోలుదాం అన్నారు.” గేరు మార్చింది. “దింపీకుండా ఎలాగమ్మా? ఆరు రోజుల్నించి రోడ్డు పక్కనే ఉండిపోనాది.”

ఊరొచ్చింది. గోదాము గేటు దాటింది. లారీని వెనక్కి నడిపి, రెండు లారీల మధ్య సందులో పెట్టాలి. ఆవిడ ఆపేసి, చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది.

“ఎనక్కి పెట్టడం మాత్రం ఎప్పుడూ ఆయనే సేసీవోరు. నాకు రాదు.”

“ఒక మీట ఉంటుంది వదినా, అది నొక్కితే దానంతట అదే పెట్టేసుకుంటుంది. చూపించనా?”

“ఒద్దమ్మా.”

నాకు సైకిలూ స్కూటీ తప్ప ఏదీ రాదు. అయినా లేచి తెర పక్కన, లారీ వెనక క్లీనరు నిలబడేచోట నిలబడ్డట్టు నిలబడ్డాను. రానీ అన్నాను. మొదటిసారి ట్రాలీ అడ్డం తిరిగిపోయింది. రెండోసారి పక్క లారీకి గుద్దుకుంది. ముందుకి లాగి మళ్ళీ వచ్చింది. ఐదోసారికో ఆరోసారికో నా గొంతు కూడా పెరిగింది. “రానీ... రానీ... ఎడమకి తిప్పు వదినా... ఇంకా... రానీ...” అక్కగారు బియ్యం చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఎనిమిదోసారి లారీ సందులోకి నిటారుగా వచ్చి ఆగింది. తెర మీద సరుకు చేరిందని రాత వచ్చింది.

“అయిపోనాదా?” అంది గుమ్మంలోంచి అక్కగారు.

“దింపీసినాను,” అంది ఆవిడ.

ఇంజను ఆపింది. చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టింది ఏడవడం. ఆయన పోయినప్పట్నుంచి అంతవరకూ ఒక్క చుక్క రాలేదట, తర్వాత అక్కగారు చెప్పింది.